పొద్దున బాగా పడే సోల్డర్ పేస్ట్ మధ్యాహ్నానికి ఎందుకు షార్ట్ అవుతోంది?

మీరు అడిగింది ఇదీ: కడపలో చిన్న యూనిట్, చేత్తో నడిపే స్టెన్సిల్ ప్రింటర్ (రంధ్రాలున్న పలచని రేకు గుండా సర్క్యూట్ బోర్డు మీద సోల్డర్ పేస్ట్ పూసేది; పేస్ట్ అంటే సోల్డర్ రేణువులు కలిసిన ముద్ద). పొద్దున బోర్డులు శుభ్రంగా వస్తున్నాయి, భోజనాల తర్వాత 0.5 మి.మీ. పిచ్ (ఒక కాలి నుంచి పక్క కాలికి దూరం) ఐసీ కాళ్ల మధ్య షార్టులు, అదే బోర్డులో కొన్ని ప్యాడ్లకు (కాళ్లు అతికే రాగి చోట్లకు) పేస్ట్ చాలడం లేదు. కొత్త స్టెన్సిల్ చేయించాలా?

ఇప్పుడే వద్దు. పొద్దున సరిగ్గా వేసిన స్టెన్సిల్ రంధ్రాలు మధ్యాహ్నానికి కొలత మారవు కదా. మారేవి గది, పేస్ట్, స్టెన్సిల్ అడుగున పేరుకున్న మురికి. వెతకాల్సింది అక్కడే.

నేను అనంతపురంలో మోటార్ స్టార్టర్ బోర్డుల దగ్గర ప్రింటింగ్ పని చూస్తాను. మన సీమ ఎండలు మీకు చెప్పక్కర్లేదు, బయట 40 డిగ్రీలు దాటితే రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. పేస్ట్‌కు నప్పేది 22 నుంచి 26 డిగ్రీలు, గాలిలో తేమ 40 నుంచి 60 శాతం. వేడెక్కితే పేస్ట్‌లో రేణువులను పట్టి ఉంచే జిగురులాంటి ఫ్లక్స్ పలచబడి, అంచులు నిలువుగా నిలబడాల్సిన ముద్ద చతికిలబడి పక్క ప్యాడ్‌ను తాకుతుంది. ఇంకోవైపు, స్టెన్సిల్ మీద గంటల తరబడి ఉన్న పేస్ట్‌లో ద్రావకం ఆరిపోయి, చిన్న రంధ్రాల్లోంచి దిగకుండా గోడలకు పట్టుకుంటుంది. ఒకే బోర్డులో షార్టూ, పేస్ట్ చాలకపోవడమూ కలిసి కనబడేది ఇందుకే. ఏసీ ఖర్చని కూలర్ పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కూలర్ తేమను పెంచుతుంది, పైగా దాని గాలి నేరుగా పేస్ట్ మీదికి కొడుతుంది. ఫ్యాన్ గాలీ అంతే. ప్రింటర్ ఉన్నంత మేర చిన్న గది కట్టి అందులో ఏసీ పెట్టడమే మేలు.

అసలు కారణం ఏదో తేల్చడానికి సోల్డర్ కరిగించే ఓవెన్‌లోకి పంపకముందే లెన్స్ పెట్టి చూడండి. స్టెన్సిల్ ఎత్తిన క్షణానే కాళ్ల మధ్య పేస్ట్ పులుముకుని ఉంటే తప్పు స్టెన్సిల్ అడుగున ఉంది. అప్పుడు శుభ్రంగా ఉండి, బోర్డును ఇరవై నిమిషాలు పక్కన పెట్టాక కలిసిపోతే వేడికి జారుతున్నట్టు. ఈ ఒక్క పరీక్షతో సగం గందరగోళం తీరిపోతుంది.

అడుగున తప్పయితే స్టెన్సిల్ తిరగేసి వెలుతురులో చూడండి. రంధ్రాల చుట్టూ పలచని బూడిదరంగు పొర కనబడుతుంది. పీచు రాలని గుడ్డకు కొద్దిగా ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తగిలించి తుడిచి, ఆ వెంటనే పొడి గుడ్డతో తుడవండి. బనియన్ వేస్ట్ వాడితే పోగులు రంధ్రాల్లో చిక్కుకుంటాయి. ఐపీఏ కారేలా పోస్తే రంధ్రంలోని పేస్ట్ పలచబడి మరుసటి ప్రింటే పాడవుతుంది. ఇంత సన్నని పిచ్‌కు నాలుగైదు బోర్డులకొకసారి తుడవడం నా అలవాటు. బోర్డు కింద ఆధారం సమంగా ఉందో లేదో, స్టెన్సిల్ బోర్డును ఎక్కడా ఖాళీ లేకుండా ఆనుకుందో లేదో కూడా చూడండి. బోర్డు మీద అంటించిన స్టిక్కర్ మందం చాలు స్టెన్సిల్‌ను పైకి లేపడానికి.

పేస్ట్ చాలనప్పుడు స్క్వీజీని (స్టెన్సిల్ మీద పేస్ట్‌ను లాగే బ్లేడును) ఇంకా గట్టిగా అదమాలనిపిస్తుంది. అలా చేస్తే పేస్ట్ స్టెన్సిల్ కిందికి దూరుతుంది, పెద్ద ప్యాడ్ల మధ్యలో గుంట పడుతుంది. స్టీల్ బ్లేడు 60 డిగ్రీల వాలులో, స్టెన్సిల్ పైభాగం శుభ్రంగా మిగిలేంత ఒత్తిడి చాలు.

బ్లేడు ముందు పేస్ట్ దొర్లుతోందా, జారుతోందా గమనించండి. 15–20 మి.మీ. లావు చుట్టగా దొర్లితేనే రంధ్రాలు నిండుతాయి. దొర్లకుండా బ్లేడుతో పాటు జారిపోతే అది ఆరిపోయినట్టే. కొద్దికొద్దిగా వేసుకుంటూ ఉండండి, స్టెన్సిల్ మీద మిగిలింది మాత్రం కొత్త డబ్బాలో కలపొద్దు. డబ్బాను ఫ్రిజ్‌లోంచి తీశాక మూత విప్పకుండా నాలుగు గంటలు గదిలో ఉంచాలి. చల్లగా ఉండగానే విప్పితే చన్నీళ్ల సీసాకు చెమట పట్టినట్టు పేస్ట్ మీద నీరు చేరుతుంది, ఓవెన్‌లో సోల్డర్ గుళికలు చిమ్ముతాయి. మే నెలలో బెంగళూరు నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పిస్తుంటే ఐస్ ప్యాక్ పెట్టిన థర్మాకోల్ పెట్టె అడిగి మరీ పెట్టించుకోండి. మాకొచ్చిన ఒక డబ్బా మూత తీస్తే ఫ్లక్స్ పైకి తేలి ఉంది, దాన్ని తిప్పి పంపేశాం.

పొద్దున కూడా ఇదే బాధ ఉంటే అప్పుడు స్టెన్సిల్ లెక్క చూడండి. రంధ్రం వైశాల్యాన్ని దాని గోడల వైశాల్యంతో భాగిస్తే 0.66 కంటే తగ్గకూడదు. 0.25 మి.మీ. వెడల్పు, 1.2 మి.మీ. పొడవున్న రంధ్రానికి 0.12 మి.మీ. స్టెన్సిల్‌తో 0.86 వస్తుంది, నిశ్చింతగా ఉండొచ్చు. 0.15 మందానికి 0.69 మాత్రమే, అంచున నిలబడ్డట్టే. టైప్ 3 పేస్ట్‌లో రేణువు 25–45 మైక్రాన్లు, టైప్ 4లో 20–38. ఈ పిచ్‌కు టైప్ 4 తీసుకోండి.

పాడైన ప్రింట్‌ను గుడ్డతో తుడిచేసి వెంటనే మళ్లీ వేయకండి, రేణువులు వయా రంధ్రాల్లో (బోర్డు పొరలను కలిపే సన్నని రంధ్రాల్లో) మిగిలిపోతాయి. ప్లాస్టిక్ బద్దతో గీకి, ఐపీఏలో మెత్తని బ్రష్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాక లెన్స్ కింద చూసి ప్రింటింగ్‌కు పెట్టండి.