‘బిలాత్ ఫేరత్’ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మూకీల కాలంలోనే హైదరాబాద్‌లో సినిమా కంపెనీ ఉండేదని మా తాతయ్య చెప్పేవారు. ఆ కంపెనీ పెట్టినాయనే ‘బిలాత్ ఫేరత్’ అనే ప్రేమ హాస్యచిత్రం తీశారట. యూట్యూబ్‌లో ఎంత వెతికినా లేదు. ఎక్కడైనా చూడొచ్చా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: చూడలేమమ్మా. అది పోయిన సినిమాల లెక్కలోనే ఉంది. మీ తాతయ్యగారు చెప్పింది మాత్రం అక్షరాలా నిజం.

ఆయన పేరు ధీరేంద్రనాథ్ గంగూలీ. అందరూ డి.జి. అనేవారు. శాంతినికేతన్‌లో చదువుకుని, నిజాం ఏలుబడిలో హైదరాబాద్‌లో బొమ్మలు గీయడం నేర్పే మాస్టారుగా పనిచేశారు. వేషాలంటే ప్రాణం. రకరకాల వేషాలు తానే కట్టి, ఫోటోలు దిగి, వాటిని పుస్తకంగా అచ్చేయించారు. ఆ సరదాయే ఆయన్ని సినిమాల్లోకి లాక్కెళ్లింది. 1921లో కలకత్తాలో ‘బిలాత్ ఫేరత్’ విడుదలైంది. దర్శకుడు నీతీశ్ లాహిరి, కథ, హీరో డి.జి.యే. ఇంగ్లండ్‌లో ఉండి తిరిగొచ్చిన కుర్రాడు ప్రేమ గురించీ పెళ్లి గురించీ అక్కడ ఒంటపట్టిన ఊహలతో ఇంటిల్లిపాదినీ హడలెత్తిస్తాడు. అదీ కథ. తెర మీద ఎక్కడ చూసినా పురాణాలే నడుస్తున్న రోజులవి. దేవుడూ కాని, రాజూ కాని మామూలు కుర్రాడి పెళ్లి గొడవతో జనాన్ని నవ్వించాలనుకోవడానికి ఎంత ధైర్యం కావాలి!

1922లో హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టారు. ‘లేడీ టీచర్’, ‘మ్యారేజ్ టానిక్’ అందులోవే. ఆ పేర్లు చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది, చూసే రాత లేదు కదా అని. 1924లో బొంబాయి సినిమా ‘రజియా బేగం’ ఆడించారు. ముస్లిం రాణి హిందువుని ప్రేమించే కథ. నిజాంకు కోపం వచ్చి రాజ్యం విడిచి పొమ్మన్నారు. డి.జి. మళ్లీ కలకత్తా చేరుకున్నారు. 1975 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్నారు.

ఇక రీళ్ల సంగతి. అప్పటి ఫిల్మ్‌ను సెల్యులోజ్ నైట్రేట్ అనే పదార్థంతో చేసేవారు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, తగలకపోయినా తనంతట తనే చివికిపోతుంది. ఒక పెద్దాయన ఇంట్లో అలాంటి డబ్బా మూత తీస్తే ముక్కు పగిలే ఘాటు కొట్టింది. పై చుట్లు బెల్లప్పాకంలా అతుక్కుపోయాయి, అంచున గోధుమరంగు పొడి. బొమ్మ ఒక్కటంటే ఒక్కటి లేదు. 1931లో టాకీలు వచ్చాక మూకీలను అడిగేవాడు లేక, ఫిల్మ్‌లో ఉండే వెండి కోసం రీళ్లను కరిగించేశారు కూడా. మన దేశంలో 1300 పైచిలుకు మూకీలు తీస్తే, మిగిలినవి ముప్ఫైకి అటూ ఇటూ. వాటిలోనూ చాలావరకు ముక్కలే. తెలుగువాళ్లు తీసిన తొలి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా పోయింది.

మీకు ఆ కాలం నవ్వు చూడాలనుంటే బెంగాలీ మూకీ ‘జమాయి బాబు’ చూడండి. 1931 నాటిది, అదృష్టం కొద్దీ మిగిలింది. పల్లెటూరి అల్లుడు కలకత్తాలో దారి తప్పి తిరుగుతాడు. ఆ వంకన అప్పటి ఊరంతా కనిపిస్తుంది.

ప్రశ్న: మా పాత టెంట్ హాలు సామానులో తుప్పు పట్టిన రీలు డబ్బాలున్నాయి. తూకానికి అమ్మేయమంటున్నారు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దయచేసి అమ్మకండి. మూత బలవంతంగా తెరవొద్దు, ప్రొజెక్టర్‌కి అసలే ఎక్కించొద్దు. ఎండ, పొయ్యి, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. నైట్రేట్ అంటుకుంటే నీళ్లతో ఆరదు. డబ్బా మీది రాతలు ఫోటో తీసి పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి రాయండి. నాకూ ఒక కాపీ పంపండి.