శాసనాల వ్యాసం ఎక్కడ ప్రచురించాలి? – సమాధానం

తెనాలి దగ్గరి గుడిలో మీరు, మీ మిత్రుడు కలిసి చదివిన రెండు శాసనాల మీద వ్యాసం రాశారు. మూడు వేలు కడితే వారంలో అచ్చు వేస్తామని ఒక పత్రిక మెయిల్ పంపింది, పంపమంటారా అని అడిగారు. వద్దు. నిపుణులు చదివి అభిప్రాయం చెప్పడానికే నెలలు పడుతుంది. వారంలో తేలేది వ్యాసం కాదు, రసీదు.

ముందు ఆ శాసనాలు ఇదివరకే అచ్చయ్యాయేమో చూడండి. భారత పురావస్తు శాఖ ప్రచురించిన దక్షిణ భారత శాసనాల (సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్) సంపుటాల్లో పదోది పూర్తిగా తెలుగు శాసనాలదే. అందులో ఉన్నా నిరాశపడకండి, పాఠంలో మీరు సరిదిద్దిన ఒక్క అక్షరమూ కొత్త విషయమే. తర్వాత చరిత్రకారుల సదస్సు అయిన ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్‌లో వ్యాసం చదవండి. ప్రశ్నలు అక్కడే ఎదురైతే అచ్చులో పరువు దక్కుతుంది.

ఫోటోలు మాత్రం ఇప్పుడే జెనోడోలో పెట్టండి. యూరప్‌లోని అణు పరిశోధన సంస్థ సెర్న్ నడిపే ఉచిత ఆన్‌లైన్ భాండాగారం అది. పెట్టగానే డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఇస్తుంది. పక్క నుంచి వెలుగు పడేలా, అక్షరాల పక్కన స్కేలు పెట్టి తీసినవైతే ఇతరులూ చదివి చూడగలరు. వ్యాసాన్ని కూడా అక్కడ పెట్టేముందు మీరు పంపబోయే పత్రిక నిబంధనలు చూడండి, కొన్ని పత్రికలు ఒప్పుకోవు.

మీ మిత్రుడి సంగతి: పాఠం కలిసి తేల్చారు కాబట్టి సహరచయితే. ఎవరి పేరు ముందన్నది పంపకముందే మాట్లాడుకోండి. గుడివారి అనుమతికి కృతజ్ఞతల్లో ఒక వాక్యం చాలు.