కథ పంపి నాలుగు నెలలైంది, పత్రిక నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంకెన్నాళ్లు ఆగాలి?

ఆగకండి. ఏ కథైనా పంపాక రెండు నెలలు చూసి ఒక మెయిల్ పెట్టండి, ఇంకో పదిహేను రోజులు చూసి వేరే పత్రికకి పంపేయండి. మీ ప్రశ్నకి జవాబు ఇంతే, మిగతాదంతా నా కడుపుమంట.

దినపత్రికల ఆదివారం పుస్తకంలో వారానికి పడేది సాధారణంగా ఒక్క కథ. అంటే ఏడాదికి 52. అందులో ఉగాదికీ సంక్రాంతికీ పెట్టే పోటీల్లో బహుమతి కథలు, వాటి వెనకాల "సాధారణ ప్రచురణకు" తీసుకున్నవి పోగా, మామూలుగా పంపే మనలాంటి వాళ్లకి ఎన్ని మిగులుతాయో మీరే లెక్కేసుకోండి. విపుల, నవ్య పత్రికలు అచ్చులో ఉన్న రోజుల్లో కొన్ని కథలు అటు పోయేవి, ఇప్పుడు అవీ లేవు. అందుకే జవాబు రాలేదంటే కథ బాగాలేదేమో అని కుంగిపోకండి, చాలాసార్లు దాన్ని ఎవరూ తెరిచే ఉండరు.

నా సంగతి చెప్తాను. మా ఊరి చెరుకు గానుగ మీద రాసిన కథ ఒకటి ఒక పత్రికకి పంపాను, పేరు వద్దులెండి. ఏడాది దాటినా చప్పుడు లేదు. రెండుసార్లు మెయిల్ పెట్టినా అంతే. చివరికి "ఈ కథను ఉపసంహరించుకుంటున్నాను" అని మర్యాదగా రాసి, ఇంకో పత్రికకి పంపితే వాళ్లు వారం తిరక్కుండా తీసుకున్నామన్నారు. ఇంట్లో పాయసం కూడా చేశాను. తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే, ఇంకా పాలు కూడా కాగలేదు, విజయనగరం నుంచి మా పిన్ని ఫోన్. "ఏమే, నీ కథ పడిందటగా, మాట మాత్రం చెప్పలేదే! బొమ్మ బాగా వేశారు గానీ చివర్న ఆ ముసలాయన ఏమైపోయాడే, ఏమీ రాయలేదు?" నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పడింది మొదటి పత్రికలో! ముసలాయన ఉన్న చివరి రెండు పేరాలూ కోసేశారు, పేజీలో చోటు చాల్లేదట.

సోమవారం ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి ఆయన ఏమాత్రం తడబడకుండా చెప్పాడు. "మీ మెయిల్ ఎవరు చూస్తారమ్మా, కథలన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంటాయి, ఆ వారం పేజీకి సరిపోయింది తీస్తాం. పడినందుకు సంతోషించాల్సింది పోయి..." సంతోషించమట! రెండో పత్రిక ఎడిటర్‌గారికి నేనే ఫోన్ చేసి కథ ఆపించాల్సి వచ్చింది. ఆయన మంచాయన, ఏమీ అనలేదు, "సరేనమ్మా" అని పెట్టేశారు. ఆ తర్వాత ఆయనకి ఇంకో కథ పంపడానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు.

నన్నడిగితే అసలు గొడవంతా హామీ పత్రంతోనే. "ఈ కథ నా సొంతం, దేనికీ అనుకరణ గానీ అనువాదం గానీ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు" అని మన చేత సంతకం పెట్టించుకుంటారు, మరి ఫలానా తేదీలోగా చెప్తామని వాళ్లు ఎక్కడైనా ఒక్క ముక్క రాసిస్తారా? స్టాంపులు అతికించిన కవరు జతచేసే కాలంలో కథ తిరిగొచ్చేది, ఏడ్చి ఊరుకునేవాళ్లం, కనీసం సంగతి తేలేది. ఇప్పుడు రూపాయి ఖర్చు లేకుండా ఒక లైను మెయిల్ పంపొచ్చు, అయినా పంపరు. "మూడు నెలల్లో కబురు లేకపోతే మీ కథ మీ ఇష్టం" అని పత్రికలో ఒక మూల వేస్తే ఎవరి సొమ్మేం పోయింది? మన వైపు నుంచి ఫేస్‌బుక్‌లో నాలుగు పేరాలు పెట్టుకున్నా "ప్రచురితం" కిందే లెక్క, అప్పుడు మాత్రం రూల్స్ అన్నీ గుర్తొస్తాయి.

వెబ్ పత్రికలు ఈ విషయంలో చాలా నయం. "ఈమాట" అనే వెబ్ పత్రికలాంటి చోట సమీక్షకులు చదివి ఇక్కడ అతకలేదు, అక్కడ మార్చండి అని చెప్తారు, ఒళ్లు మండినా కథ చదివారన్న తృప్తి ఉంటుంది. కాకపోతే మా పిన్నికి ఫోన్లో చదవడం రాదు, అది వేరే బాధ.

ఇంకోటి, పీడీఎఫ్ పంపకండి. యూనికోడ్ వర్డ్ ఫైలే పంపండి. కొన్ని ఆఫీసుల్లో ఇప్పటికీ దాన్ని "అను" అనే, యూనికోడ్ కాని పాత ఫాంటులోకి మారుస్తారు, ఆ మార్పిడిలో వత్తులు ఎగిరిపోతుంటాయి, అచ్చయ్యాక తిట్లు తినేది రచయితే. మెయిల్ సబ్జెక్టులో కథ పేరూ మీ పేరూ ఉండాలి. ఉపసంహరణ రాశాక ఫోన్ కూడా చేసి, ఎవరితో మాట్లాడారో పేరు అడిగి రాసిపెట్టుకోండి. ఆదివారాలు ఆ పత్రిక ఒకసారి తిరగేస్తూ ఉండండి కూడా, మీ కథ పడితే చెప్పే నాథుడు ఉండడు.

పారితోషికమా? బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సూ, పాన్ కార్డూ పంపమన్నారు. పంపాను. దాని మీద ఇంకో ప్రశ్న వేయండి, తీరిగ్గా రాస్తాను.