బిడ్డ చేస్తున్నది ఫైళ్లు సర్దే ఉద్యోగమేనా?

ప్రశ్న: సార్, మాది భూపాలపల్లి. సింగరేణి బొగ్గుబాయిలో ఓవర్‌మన్‌ని, అంటే షిఫ్టు పని చూసుకునే సూపర్‌వైజర్‌ని, వచ్చే మార్చిలో రిటైర్మెంట్. మా బిడ్డ వరంగల్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) చదివి, ఏడాదిన్నర కింద హైదరాబాద్‌లో మెషీన్లు తయారుచేసే ఒక కంపెనీలో చేరింది. మొదట టెస్టింగ్‌లో ఉండేది, ఈమధ్య నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అనే టీమ్‌లోకి మార్చారు. బిడ్డకు పని నచ్చింది. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా తమ్ముని కొడుకు "అది ఫైళ్లు సర్దే పని పెదనాయినా, చెల్లెను కోడింగ్‌లోకి మారమను" అంటున్నాడు. ఇంకోపక్క టెక్నాలజీ, ఇన్నోవేషన్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ అని ఒక కాలేజీవాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి కట్టి చేర్పించమంటారా?

జవాబు: అన్నా, ముందు డబ్బుల సంగతి. ఇప్పుడైతే కట్టకండి, ఆ కాలేజీవాళ్ల ఫోన్ ఎత్తడం కూడా మానేయండి. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇక మీ తమ్ముని కొడుకు మాట. అది పూర్తిగా తప్పేం కాదు. నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అంటే కంపెనీలో ఉన్న తెలివిని కాపాడి, కావలసినవాళ్లకు అందించే పని, కానీ ఆ పేరు పెట్టి నిజంగానే ఫైళ్లు సర్దించే కంపెనీలు ఉన్నాయి. హన్మకొండకు వచ్చి ఈ కౌన్సెలింగ్ మొదలుపెట్టకముందు నేనే అలాంటి ఒక కంపెనీలో చేశాను. ఆర్భాటంగా పోర్టల్ ఓపెన్ చేశారు, డాక్యుమెంట్ ఎక్కిస్తే పాయింట్లు, పాయింట్లకు గిఫ్ట్ కూపన్లు అన్నారు. ఇంకేముంది, ఒకటే పీపీటీని పేరు మార్చి ముగ్గురు ఎక్కించారు, ఒకాయనైతే క్యాంటీన్ మెనూ కూడా ఎక్కించి పాయింట్లు కొట్టేశాడు. కానీ ఏదైనా పని అడ్డం తిరిగినప్పుడు ఒక్కరూ ఆ పోర్టల్ తెరిచేవాళ్లు కాదు, అందరూ మూడో అంతస్తులో కిటికీ పక్కన కూర్చునే ఒక సీనియర్ దగ్గరికే పోయేవాళ్లు. ఆయన రాసిన ఫైలు పోర్టల్‌లో ఒక్కటీ లేదు, రోజంతా ఆయన చుట్టూ జనమే ఉంటే పాపం ఎప్పుడు రాస్తాడు? ఆయన రిజైన్ చేసి వెళ్లాక మా ప్రాజెక్టు నెలరోజులు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

మీ బిడ్డ అసలు పని అలాంటి సీనియర్ దగ్గర మొదలవ్వాలి. పోర్టల్ దగ్గర కాదు.

ఇది మీకు నేను చెప్పక్కర్లేదు, మీరు రోజూ చేసే పనే. బాయిలో షిఫ్టు మొదలయ్యేముందు పైకప్పును కర్రతో తట్టి చూస్తారు కదా, గట్టి కప్పు ఖంగుమంటుంది, పొర విడిన కప్పు డొల్లగా, బొదబొదమన్నట్టు మోగుతుంది. కప్పును పరీక్షించాలని రూల్స్ పుస్తకంలో ఉంటుంది, డొల్ల చప్పుడు ఎట్లుంటుందో మాత్రం ఏ పుస్తకమూ వినిపించదు. కొత్తగా వచ్చిన పిల్లగాడు మీ పక్కన నిలబడి, మీరు తట్టింది వినాలి, వాడు తట్టింది మీరు విని కాదనాలి, అట్లా కొన్ని నెలలు గడిస్తే గానీ వాడి చెవి కుదరదు. ఈ రెండోరకం తెలివిని కంపెనీల భాషలో టాసిట్ నాలెడ్జ్ అంటారు, అంటే చేతిలో చెవిలో ఉంటుంది తప్ప కాగితం మీదికి తొందరగా రాదు. మార్చిలో మీరు రిటైరైతే సింగరేణి మీ పోస్టులో ఇంకొకరిని వేసుకుంటుంది, మీ చెవిని మాత్రం ఇంకొకరికి అమర్చడం దాని వల్ల కాదు.

దీన్ని ఒక కంపెనీ ఎట్లా వాడుకుందో ఒక ముచ్చట చెప్తాను. 1980లలో జపాన్‌లో మత్సుషితా కంపెనీ (తర్వాత పానాసోనిక్ అయింది) ఇంట్లోనే బ్రెడ్ చేసుకునే మెషీన్ తయారుచేయబోయింది. పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, ఇంజనీర్లు ఎంత కిందామీదా పడ్డా కుదరలేదు. ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఒసాకాలో మంచి బ్రెడ్‌కు పేరున్న ఒక హోటల్‌లో, అక్కడి పెద్ద వంటమాస్టర్ దగ్గర పిండి పిసకడం నేర్చుకుంది. ఆయన పిండిని సాగదీస్తూ ఒక మెలి తిప్పుతున్నాడని ఆమెకు కనబడింది, ఆయనను అడిగితే చెప్పగలిగే సంగతి కాదది. ఆ మెలి రావడానికి ఇంజనీర్లు మెషీన్ లోపల గట్లలాంటివి పెట్టారు, 1987లో సరుకు మార్కెట్లోకి వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. ఇక్కడ ఒక్కటి గమనించండి, ఆ హోటల్‌కు వెళ్లింది ఫైళ్లు రాసుకునే గుమస్తా కాదు, మెషీన్ సంగతి తెలిసిన ఇంజనీర్. మెషీన్ తెలియని మనిషి ఆ మెలిని చూసినా అందులో ఏముందో పట్టుకునేది కాదు.

అందుకే నా సలహా మొత్తం ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంటుంది. బిడ్డ ఈ టీమ్‌లో ఉండొచ్చు, కానీ ఈసీఈని, టెస్టింగ్‌ను వదిలేయొద్దు. వారంలో ఒక పూటైనా షాప్ ఫ్లోర్‌లోనో (మెషీన్లు తయారయ్యే చోట) ల్యాబ్‌లోనో ఉండాలి, లేకపోతే మూడేళ్లలో నిజంగానే మీ తమ్ముని కొడుకు చెప్పినట్టే అవుతుంది.

మన దగ్గరి మనిషినే చూడండి. ఆలేరు చింతకింది మల్లేశం, చేనేత కుటుంబం, తల్లి లక్ష్మి రోజూ ఆసు పోసి పోసి (చీర నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని) భుజం నొప్పితో బాధపడటం చూసి దానికో మెషీన్ మొదలుపెట్టాడు. ఒకచోట మాత్రం ఏళ్ల తరబడి చిక్కు విడలేదు. హైదరాబాద్‌లో కరెంటు పనికి పోయినచోట ఒక వర్క్‌షాప్‌లో వేరే మెషీన్ కదలిక చూసి తన చిక్కుకు జవాబు పట్టుకున్నాడు. 1999లో ఆసు మెషీన్ తయారైంది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ వర్క్‌షాప్‌లో ఆ మెషీన్‌ను రోజూ ఎంతమంది చూసి ఉంటారు, ఆసు తెలిసిన మనిషికి మాత్రమే అందులో ఆసు కనబడింది. కోహెన్, లెవింతల్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1990లో కంపెనీల గురించి చెప్పింది కూడా ఇదే, బయట ఎంత కొత్త టెక్నాలజీ ఉన్నా, దానికి దగ్గరి విద్య లోపల ముందే ఉన్న కంపెనీయే దాన్ని గుర్తుపట్టి వాడుకోగలుగుతుంది అని. కొందరు మేనేజర్లు కోట్లు పెట్టి సాఫ్ట్‌వేర్ కొని "ఇన్నోవేషన్ రావట్లేదు" అని తల పట్టుకుంటారు చూడండి, అక్కడ లోటు ఇదే.

ఉద్యోగం అసలుదా కాదా అని తేల్చుకోవడానికి ఈసారి బిడ్డ ఇంటికొచ్చినప్పుడు కొన్ని సంగతులు అడగండి. ఇంజనీర్లు సమస్యతో తన దగ్గరికి వస్తున్నారా, లేక ఈమే ఫైళ్ల కోసం వాళ్ల వెంట పడుతోందా? ఎవరైనా రిజైన్ చేస్తే నోటీస్ పీరియడ్‌లో వాళ్ల పక్కన కూర్చుని పని నేర్చుకునే బాధ్యత ఈ టీమ్‌కు ఇచ్చారా? ఒక మెషీన్ ఫెయిలై కస్టమర్ దగ్గర్నుంచి వాపస్ వస్తే, ఆ కారణం తర్వాతి డిజైన్ వేసేవాళ్ల టేబుల్ మీదికి ఎవరు చేరుస్తున్నారు? ముఖ్యంగా, ఈ టీమ్ ఎవరి కింద ఉంది? ఇంజనీరింగ్ లేదా ఆర్ అండ్ డీ (పరిశోధన, కొత్త డిజైన్ల విభాగం) కింద ఉంటే నిశ్చింతగా ఉండండి, అడ్మిన్ కింద ఉంటే కాస్త ఆలోచించాలి.

"అసలు ఇదొక ఫీల్డేనా" అని చుట్టాలు అడిగితే చెప్పడానికి ఒకటి ఉంది. ఫ్యాక్టరీల గోడలమీద ఫ్రేము కట్టి పెట్టుకునే ఐఎస్ఓ 9001 అనే నాణ్యత సర్టిఫికెట్ ఉంటుంది కదా, 2015లో దాన్ని మార్చినప్పుడు 7.1.6 అని ఒక క్లాజు చేర్చారు, సంస్థకు పనికొచ్చే జ్ఞానాన్ని గుర్తించాలి, కాపాడుకోవాలి, కావలసినవాళ్లకు అందించాలి అని. 2018లో నాలెడ్జ్ మేనేజ్‌మెంట్‌కే వేరుగా ఐఎస్ఓ 30401 వచ్చింది. ఆడిట్ వచ్చిందంటే ఈ టీమ్‌ను వెతుక్కుంటూ వస్తారు.

బిడ్డకు నేను ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది చదివి వినిపించండి. జెరాక్స్ కంపెనీలో జూలియన్ ఆర్ అనే ఆయన, మనుషుల తీరును చదివే ఆంత్రోపాలజిస్టు, 1980లలో కాపీ మెషీన్లు రిపేర్ చేసే టెక్నీషియన్ల వెంట తిరిగాడు. మొండికేసిన మెషీన్‌ను వాళ్లు మాన్యువల్ చూసి బాగుచేయట్లేదని, టిఫిన్ దగ్గర, భోజనాల దగ్గర ఒకరికొకరు చెప్పుకునే కథలతో బాగుచేస్తున్నారని తేల్చాడు. ఆ తర్వాత అదే కంపెనీలో యురేకా అని ఒక వ్యవస్థ వచ్చింది, టెక్నీషియన్ తను కనిపెట్టిన చిట్కా రాస్తాడు, అనుభవమున్న తోటివాళ్లు దాన్ని సరిచూస్తారు, బాగుందనుకుంటే రాసినవాడి పేరుతోనే అందరికీ పోతుంది. కూపన్లు కావు, పేరే బహుమానం. మా పాత కంపెనీవాళ్లకు ఇది ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఏఐ వచ్చాక ఈ పని పోతుందా అని తను టెన్షన్ పడుతుందేమో. నాకైతే అట్లా అనిపించట్లేదు. ఇప్పుడు కంపెనీలు తమ డాక్యుమెంట్లన్నీ ఒక చాట్‌బాట్‌కు ఇచ్చి "దీన్నడగండి" అంటున్నాయి. పాత డ్రాయింగ్, కొత్త డ్రాయింగ్ రెండూ లోపలే ఉంటే అది పాతదాన్నే తీసి ఎంతో ధైర్యంగా జవాబు చెప్పేయగలదు. ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు, ఎవరి మాట ఖరారు అని చూసే మనిషి కావాలి, ఆ మనిషికి మెషీన్ తెలిసుండాలి. కాబట్టి తను ఎస్‌క్యూఎల్ (డేటాలోంచి కావలసింది తీసే భాష) నేర్చుకోవాలి, కొంచెం పైథాన్ కోడింగ్, ఈ చాట్‌బాట్లు డాక్యుమెంట్లలో ఎట్లా వెతుకుతాయో కూడా. అన్నిటికంటే ముందు సూటిగా రాయడం నేర్చుకోవాలి, తెలుగైనా ఇంగ్లిష్ అయినా. ఇంజనీర్లలో అది అరుదు, నన్నడిగితే జీతం పెంచేది కూడా అదే.

పేటెంట్లు ఇంకో దారి. కొత్తది డిజైన్ చేసేముందు అది ఎవరైనా ముందే చేశారా అని వెతికే పని ఆర్ అండ్ డీకి ఎప్పుడూ ఉంటుంది. మన పేటెంట్ ఆఫీసు సైట్‌లో, గూగుల్ పేటెంట్స్‌లో ఉచితంగా వెతకొచ్చు. వైపో అనే అంతర్జాతీయ మేధో సంపత్తి సంస్థ పేటెంట్లు, కాపీరైట్ లాంటి హక్కుల మీద డీఎల్-101 అని ఆన్‌లైన్ కోర్సు ఫ్రీగా పెడుతుంది, అది ఈ వేసవిలోనే చేసేయమనండి. నచ్చితే పేటెంట్ ఏజెంట్ (వేరేవాళ్ల తరఫున పేటెంట్ దరఖాస్తులు వేసే మనిషి) పరీక్ష ఉంది, 21 ఏళ్లు నిండి సైన్స్ లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే రాయొచ్చు, ఈసీఈ సరిపోతుంది. హైదరాబాద్‌లో నల్సార్‌వాళ్లు పేటెంట్స్ లాలో పీజీ డిప్లొమా దూరవిద్యలో ఇస్తారు, ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు.

ఇక ఎంబీఏ. ఆ చదువు చెడ్డదని కాదు, ఏడాదిన్నర అనుభవంతో పోతే క్లాసులో చెప్పేదాన్ని పోల్చుకోవడానికి తన దగ్గర సరుకుండదు. డిజిటల్ కెమెరాను 1975లో తయారుచేసింది కొడాక్ ఇంజనీరే, ఆ కొడాకే 2012లో దివాలా పిటిషన్ వేసింది అని పాఠం చెప్తారు, పరీక్షకు రాస్తుంది, అంతే. నాలుగేళ్లు పనిచేసి, తమ కంపెనీలోనే మంచి ఐడియా ఒకటి మీటింగుల్లో ఎట్లా చచ్చిపోతుందో కళ్లారా చూశాక ఆ పాఠం వింటే వేరు. అప్పుడు కూడా క్యాట్ రాసి మంచిచోటికే పోవాలి, మన నిట్ వరంగల్‌లోనే ఎంబీఏ ఉంది. ఫోన్ చేసి మరీ సీటిస్తామనే కాలేజీకి మీ గ్రాట్యుటీ అవసరం, మీ బిడ్డకు ఆ కాలేజీ అవసరం లేదు.

మార్చికి ఇంకా టైముంది కాబట్టి ఒక పని చెప్తాను. బాయిలోకి ఫోన్ తీసుకుపోనీయరు, ఇంటిదగ్గరే కానీయండి. బిడ్డ వచ్చిన ఆదివారం ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని మీ ఎదురుగా కూర్చోవాలి. "కప్పు బాగాలేదని మీకెట్లా తెలుస్తుంది నాయినా" అని ఒక్క ప్రశ్న అడగాలి. మీరు మొదట "తెలుస్తది అంతే" అంటారు, అందరూ అదే అంటారు. అక్కడితో వదలకుండా, చివరిసారి మీకు అనుమానం వచ్చింది ఎప్పుడు, ఆరోజు ముందు ఏం విన్నారు, ఎవరిని వెనక్కి జరగమన్నారు అని ఒక్కొక్కటే లాగాలి. రెండు గంటల మాటను రెండు పేజీలుగా రాసి మీకే చదివి వినిపించాలి, మీరు "ఇట్ల కాదు" అన్నచోటల్లా దిద్దుకోవాలి. మూడు నాలుగు ఆదివారాలు పడుతుంది. ఆ రెండు పేజీలు కుదిరితే తనకు ఈ పని వచ్చినట్టే, అప్పుడు నాకూ ఒక కాపీ పంపమనండి.