ఘానాలో ఎంపీ అయిన మనిషికి ఎదుగుదల అంటే మంత్రి పదవేనా?

అక్కడివాళ్లు చాలామంది అలాగే అనుకుంటారు. నేను ఒప్పుకోను. టెమా రేవు దగ్గర ఒక ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తూ కొన్నేళ్లు అక్కడే ఉన్నాను కాబట్టి ఘానా పార్లమెంటు స్పీకర్ అయిన ఆల్బన్ బాగ్‌బిన్ సంగతి చెబుతాను.

ముందు మంత్రి పదవి మీద అంత మోజు ఎందుకో చెప్పాలి. ఘానా రాజ్యాంగం 78వ అధికరణం ప్రకారం మంత్రుల్లో ఎక్కువమందిని ఎంపీల్లోంచే తీసుకోవాలి. దాంతో అధికార పక్షం ఎంపీ నోరు విప్పి ప్రభుత్వాన్ని అడగడు, రేపు తనకూ పిలుపు రావచ్చు కదా. ఇక నియోజకవర్గంలో జనం ఎంపీని చట్టాల గురించి అడగనే అడగరు. పిల్లల ఫీజులు, ఆసుపత్రి బిల్లులు, శనివారం వస్తే అంత్యక్రియలు. ఎర్ర బట్టలు, నల్ల బట్టలు కట్టుకుని వందలమంది కూర్చుంటారు, ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతారు. ఎంపీ పేరు చదివేటప్పుడు అందరూ చెవులు రిక్కిస్తారు. ఆ ఖర్చుకు జీతం ఏం సరిపోతుంది? ఈ పద్ధతి మంచివాళ్లను తినేస్తోంది.

బాగ్‌బిన్‌ది దేశానికి వాయవ్య మూల, అప్పర్ వెస్ట్. లాయరు. 1993లో కొత్త రాజ్యాంగం కింద కొలువైన మొదటి సభలోనే నాడోలి నుంచి అడుగుపెట్టి, 2021 జనవరి దాకా వరసగా ఏడు సభల్లో కూర్చున్నారు. మంత్రిగా చేసింది కొద్దికాలమే. 2019లో తన పార్టీ, అప్పటి ప్రతిపక్షం ఎన్‌డీసీ తరఫున అధ్యక్ష అభ్యర్థి కావాలని చూసి మాజీ అధ్యక్షుడు మహామా చేతిలో చిత్తుగా ఓడారు. 2020లో ఎంపీగా కూడా నిలబడలేదు.

ఆ డిసెంబరు ఎన్నికల్లో 275 సీట్లలో అధికార పార్టీ ఎన్‌పీపీకి 137, ఎన్‌డీసీకి 137 వచ్చాయి. మిగిలిన ఒక్కడు ఫోమెనా నుంచి గెలిచిన ఇండిపెండెంట్. ఘానాలో స్పీకర్ ఎంపీ కానక్కర్లేదు. ఎన్‌డీసీ ఆ పదవికి బాగ్‌బిన్‌ను నిలబెట్టింది.

2021 జనవరి 6 రాత్రి నేను మా క్వార్టర్స్ గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో ఉన్నాను. చిన్న టీవీ, కెంకే అనే మొక్కజొన్న ముద్ద, వేయించిన చేపలు. ఇద్దరు గార్డుల్లో ఒకాయన ఎన్‌పీపీ, ఒకాయన ఎన్‌డీసీ. అర్ధరాత్రి దాటినా రహస్య ఓటింగ్ మీద కొట్లాట తెగలేదు. ఓట్లు లెక్కపెడుతుంటే అధికార పక్షం ఎంపీ ఒకాయన బ్యాలెట్ కాగితాలు లాక్కుని తలుపు వైపు పరుగెత్తాడు. ఎవరా అని చూస్తే మా టెమా వెస్ట్ ఎంపీయే! ఎన్‌పీపీ గార్డు చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేసి బయటికి వెళ్లిపోయాడు. తర్వాత సైనికులు సభలోకి వచ్చారు. అప్పుడు మాత్రం ఎన్‌డీసీ గార్డు లేచి నిలబడ్డాడు. వయసులో పెద్దాయన, సైనిక పాలన చూసినవాడు. "వీళ్లు లోపలికి రాకూడదు, రాకూడదు" అంటూనే ఉన్నాడు. తెల్లారేసరికి బాగ్‌బిన్ స్పీకర్. ఎంపీ సీటు వదిలేసిన మనిషి సభకే పెద్దయ్యాడు.

దాని విలువ ఆ నవంబరులో తెలిసింది. మొబైల్ మనీ (ఫోన్లో డబ్బు పంపుకోవడం, అక్కడ మోమో అంటారు) మీద 1.75 శాతం పన్ను వేస్తామని ప్రభుత్వం బడ్జెట్లో పెట్టింది. మా కార్మికులు జీతం పడగానే ఇంటికి పంపేది మోమోలోనే. నవంబరు 26న బాగ్‌బిన్ అధ్యక్షతన సభ ఆ బడ్జెట్‌ను తిరస్కరించింది. నాలుగు రోజులకే డిప్యూటీ స్పీకర్ కూర్చుని ఆ తిరస్కరణను తిరగదోడారు, అది వేరే కథ. చివరికి ఆ పన్ను 2022 మార్చిలో 1.5 శాతంగా నెగ్గింది. రోజుకు 100 సెడీల (ఘానా కరెన్సీ) వరకు పన్ను ఉండేది కాదు కాబట్టి మావాళ్లు కొందరు ముక్కలు ముక్కలుగా పంపేవారు. బాగ్‌బిన్ ఆ కుర్చీలో లేకపోతే ఆ పన్ను ఇంకా ముందే నెత్తిన పడేదని నా గట్టి నమ్మకం.

ఫోమెనా ఎంపీ సంగతి కూడా వినండి. ఎన్‌పీపీ మనిషి ఇండిపెండెంట్‌గా పోటీ చేస్తున్నాడని 2020లో అప్పటి స్పీకర్ ఆయన సీటు తీసేశారు. 2024లో మళ్లీ ఎన్‌పీపీ టికెట్ మీద నామినేషన్ వేస్తే బాగ్‌బిన్ ఆయనతో కలిపి నలుగురి సీట్లు ఖాళీ అని ప్రకటించారు. ఆ ప్రకటనను సుప్రీంకోర్టు నవంబరులో కొట్టేసింది. కోర్టు ఏమన్నా సరే, పార్టీ మారిన ఎంపీ సీటు పోతుందనే రాజ్యాంగం 97వ అధికరణం రెండు వైపులకూ ఒకేలా వర్తించాలి, నా లెక్కలో బాగ్‌బిన్‌దే న్యాయం. మన దగ్గర ఫిరాయింపు పిటిషన్లు స్పీకర్ల దగ్గర నెలల తరబడి మూలుగుతుంటే చూసి చూసి నాకు విసుగొచ్చింది. అక్కడ రోజుల్లో తేల్చారు.

2025 జనవరి 7న కొత్త సభ ఆయన్నే మళ్లీ స్పీకర్‌గా ఎన్నుకుంది. ఈసారి సొంత పార్టీకే భారీ మెజారిటీ, అధ్యక్షుడు మహామా. ఎన్‌పీపీ మంత్రులను ఎంత గట్టిగా నిలదీశారో వీళ్లనూ అంతే గట్టిగా నిలదీయాలి.