పాత స్పోర్ట్స్ కారులో కొత్త ఇంజిన్: అసలు కష్టం ఎక్కడ?

పాత స్పోర్ట్స్ కారులో ఈ కాలపు ఇంజిన్ బిగించొచ్చా, ఇబ్బంది ఎక్కడ వస్తుంది అని అడిగారు.

బిగించొచ్చు. ఇలాంటి పని కంపెనీలే చేశాయి. 1973లో బ్రిటిష్ కార్ల కంపెనీ ఎంజీ, తన ఎంజీబీ జీటీ అనే స్పోర్ట్స్ కారులో నాలుగు సిలిండర్ల 1.8 లీటర్ల ఇంజిన్ బదులు రోవర్ కంపెనీ 3.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) పెట్టింది. పాతది పోత ఇనుముది, కొత్తది అల్యూమినియంది. అందుకే సిలిండర్లు రెట్టింపైనా బరువు పెద్దగా పెరగలేదు. హార్స్‌పవర్ కంటే ముందు ఈ బరువే చూసుకోండి. ముందు భాగం బరువెక్కితే మలుపుల్లో ఆ కారు చురుకుదనమంతా పోతుంది.

చాలామంది తేలిగ్గా తీసుకునేది పెట్రోల్ లైన్. పాత ఇంజిన్లలో పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్‌కు 3, 4 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ప్రెషర్ సరిపోతుంది. పెట్రోల్‌ను ఒత్తిడితో చిమ్మే ఈ కాలపు ఇంజెక్షన్ ఇంజిన్‌కు సాధారణంగా 40 నుంచి 60 దాకా కావాలి. పాత రబ్బరు పైపులు అలాగే వదిలేస్తే ఎక్కడో క్లిప్పు దగ్గర పెట్రోల్ చెమ్మలా కారడం మొదలై, వేడి ఎగ్జాస్ట్ మీద పడి మంటలు లేవొచ్చు. పంపు, ఫిల్టర్, పైపులు అన్నీ మార్చాల్సిందే. ట్యాంకులో అడ్డు పలకలు లేకపోతే గట్టి మలుపులో పెట్రోల్ ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది, ఇంజిన్ తడబడుతుంది. ట్యాంకుకు, ఇంజిన్‌కు మధ్యలో స్విర్ల్ పాట్ అనే చిన్న పెట్రోల్ డబ్బా పెడితే ఆ బాధ తీరుతుంది.

రేడియేటర్, క్లచ్, డిఫరెన్షియల్ (చక్రాలకు పవర్ పంచే గేర్ల పెట్టె) కొత్త పవర్‌కు తగ్గట్టు ఉండాలి. బ్రేకులు మాత్రం ఇంజిన్ కంటే ముందే మార్చండి.

ఇంకొక్క మాట: బాడీని కోయకుండా బోల్టులతో బిగించే మౌంట్లే (ఇంజిన్‌ను పట్టి ఉంచే ఆధారాలు) వాడండి, పాత ఇంజిన్‌ను నూనె పట్టించి దాచండి. ఇంజిన్ నంబర్ మార్పును రిజిస్ట్రేషన్ పత్రాల్లో, ఇన్సూరెన్స్‌లో ఎక్కించాకే రోడ్డెక్కించండి.