షెల్టర్‌లో ఒక పిల్లికి ఫెల్వ్ పాజిటివ్ వచ్చింది. దాన్ని, మిగతావాటిని ఎలా చూసుకోవాలి?

మీరు అడిగింది ఇది: హనుమకొండలో 14 పిల్లులున్న చిన్న షెల్టర్, ఏడాదిన్నర మగపిల్లి, రాపిడ్ కిట్‌లో ఫీలైన్ ల్యుకేమియా వైరస్ (ఫెల్వ్) పాజిటివ్. ఎన్నాళ్లు బతుకుతుంది, మిగతా 13 సంగతేంటి, చివరి రోజులు వస్తే ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే ముందు, కిట్ మీద ఒక్క గీత చూసి నిర్ణయం తీసుకోకండి. ఆ కిట్ పట్టేది రక్తంలోని పీ27 అనే వైరస్ ప్రొటీన్‌ను. పరీక్ష రక్తంతోనే చేయాలి, చొంగతో చేసిన ఫలితం నమ్మొద్దు. పాజిటివ్ వచ్చిన పిల్లికి వేరే రకం పరీక్ష, అంటే పీసీఆర్ (వైరస్ జన్యువుల్ని పట్టేది) కానీ ఐఎఫ్ఏ (రక్తకణాల్లో వైరస్‌ను పట్టేది) కానీ చేయించి, 6-8 వారాల తర్వాత కిట్ మళ్లీ పెట్టించండి. కొన్ని పిల్లుల్లో ఒళ్లే వైరస్‌ను అణిచేస్తుంది. అప్పుడది ఎముక మూలుగలో నిద్రపోతుంది, రక్తంలో కనబడదు, చొంగలోకి రాదు. దీన్ని రిగ్రెసివ్ అంటారు. రెండోసారి కూడా పాజిటివే వస్తే ప్రోగ్రెసివ్, అంటే వైరస్ అణగలేదని అనుకోవాలి. అలాంటివి ఎక్కువ శాతం మూడేళ్లలోపే పోతాయి. కానీ ఆ మూడేళ్లలో తిని, ఎండలో పడుకుని, కిటికీలో కూర్చుని పిట్టల్ని చూసే నెలలు చాలానే ఉంటాయి. రెండు వైరస్‌లను కలిపి చూసే కాంబో కిట్ అయితే అందులో ఎఫ్ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఇంకో వైరస్) గీత కూడా ఉంటుంది. అది వేరే జబ్బు, ప్రధానంగా లోతైన కాట్లతో అంటుతుంది. రిపోర్టులో రెంటినీ కలిపి చదివేసి కంగారుపడేవాళ్లు ఎక్కువ, ఏ గీత వచ్చిందో మరోసారి చూసుకోండి.

పేరు చూసి ఇది బ్లడ్ క్యాన్సర్ అనుకోకండి. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం క్యాన్సర్ గడ్డలున్న పిల్లుల్లో ఈ వైరస్‌ను కనిపెట్టింది కాబట్టి ఆ పేరు పడింది. ఈ పిల్లుల్లో చాలావాటిని తీసుకుపోయేది రక్తహీనత, లేదంటే రోగనిరోధక శక్తి పడిపోయాక వచ్చే మామూలు ఇన్ఫెక్షన్లు. మనుషులకు, కుక్కలకు ఇది అంటదు.

మిగతా 13: వైరస్ చొంగలో ఎక్కువ. ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కాట్లు, తల్లిపాలు, ఇవీ దారులు. కాబట్టి దీనితో కలిసి పడుకున్నవి, కలిసి తిన్నవి, ఏడాదిలోపు కూనలు, ఈ వరుసలో ముందు టెస్ట్ చేయించండి. నెగెటివ్ వచ్చినా 30 రోజులు గడిచాక ఇంకోసారి చేయించాలి, కొత్తగా అంటింది మొదటి కిట్‌లో దొరక్కపోవచ్చు. కూనలకు ఇది తేలిగ్గా అంటుతుంది, వయసు పెరిగేకొద్దీ తట్టుకునే శక్తి వస్తుంది. మన దగ్గర మామూలుగా వేసే త్రీ-ఇన్-వన్ టీకా పాన్‌ల్యుకోపీనియా, హెర్పిస్, కాలిసీలకు. ఫెల్వ్ అందులో లేదు. "టీకా వేయించాం కదా" అన్న ధైర్యం వద్దు. ఆపరేషన్ క్యాంపుల్లో ఒకే సూది, ఒకే బ్లేడు రెండు పిల్లులకు వాడనివ్వకండి, రక్తంతో కూడా అంటుతుంది.

దీన్ని వేరే గదిలో పెట్టాలి, బోనులో కాదు. ఇంకో పాజిటివ్ పిల్లి ఉంటే రెండూ కలిసి ఉండొచ్చు. రేకుల షెడ్డు మాత్రం వద్దు. మేలో వరంగల్ ఎండకు రక్తం తక్కువున్న పిల్లి అక్కడ ఒక మధ్యాహ్నం కూడా తట్టుకోదు. కూలర్ పెడితే ఎదురు కిటికీ తెరిచి ఉంచండి, లేకపోతే గది ఉక్కపోసి ట్రే కంపు కొడుతుంది. ట్రేలో వడ్ల ఊక పోయొచ్చు, ఇసుక పోయొచ్చు. గ్రానైట్ కోసిన చోట దొరికే రాతిపొడి మాత్రం ముక్కుల్లోకి పోతుంది, ఊరికే ఇచ్చినా తేవద్దు.

షెల్టర్లలో ఎక్కువగా తలకిందులయ్యేది పని వరుస. చాలామంది పాజిటివ్ పిల్లి గదిని ఆఖరికి పెట్టుకుంటారు. అప్పటికే జలుబు కూనల్ని ముట్టిన చేతులతో ఈ గదిలోకి పోతారు. ఈ వైరస్ బయట బతికేది కొన్ని గంటలే, సబ్బుతో కడిగితే చస్తుంది. మీ చేతుల మీదుగా మిగతావాటికి వచ్చే ప్రమాదం కంటే, వాటి తుమ్ములు దీనికి చేరే ప్రమాదమే పెద్దది. ఆరోగ్యంగా ఉన్నవి ముందు, ఇది తర్వాత, తుమ్మేవి, విరేచనాలవి ఆఖరికి. కొత్తగా తెచ్చిన పిల్లిని ఒక్క రాత్రికైనా ఈ గదిలో పెట్టకండి.

తిండికొస్తే, పాలన్నం, పెరుగన్నం మీద నడిచే షెల్టర్లు మనవైపు ఎక్కువ. ఈ పిల్లికి అది సరిపోదు. పిల్లుల గుండెకు, కళ్లకు తప్పనిసరైన టారిన్ అనే పోషకం మాంసంలోనే ఉంటుంది. 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కిలోక్యాలరీలు కావాలి, డ్రై ఫుడ్ అయితే 50-55 గ్రాములు. చికెన్ ఉడకబెట్టి పెడితే ఆ నీళ్లు పారబోయకండి, టారిన్ చాలావరకు అందులోకే దిగుతుంది. లివర్ చవకే కానీ రోజూ పెడితే విటమిన్ ఏ ఎక్కువై ఎముకలు పాడవుతాయి, వారానికి ఒకటి రెండుసార్లు చిన్న ముక్క చాలు. పచ్చి మాంసం, పచ్చి గుడ్డు దీనికి వద్దు. ఇంట్లో మిగిలిన కూర అసలే వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర కణాల్ని పగలగొడతాయి, దీనికి ఉన్నదే తక్కువ.

ఇక అసలు పని నోట్‌బుక్. వారానికి ఒకసారి, ఒకే రోజు, తిండికి ముందు తూకం. 10 కిలోల డిజిటల్ కాటా మీద బుట్ట పెట్టి సున్నా చేసి, పిల్లిని అందులో కూర్చోబెట్టండి. 4 కిలోల పిల్లి వారంలో 200 గ్రాములు తగ్గితే డాక్టర్ దగ్గరికి పోవాలి. చేత్తో ఎత్తి చూసి "బానే ఉంది" అనుకుంటే బొచ్చు మోసం చేస్తుంది.

చిగుళ్లు చూడటం నేర్చుకోండి. పొద్దున కిటికీ దగ్గర కూర్చోండి, ట్యూబ్‌లైట్ కింద అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. పిల్లిని ఒళ్లో మీకు వీపు పెట్టి కూర్చోబెట్టి, ఎడమచేత్తో తల కింది నుంచి పట్టి, కుడి బొటనవేలితో పై పెదవిని కోరపన్ను పైకి లేపండి. రెండు సెకన్లు చాలు. లేత గులాబీ రంగు ఉండాలి. సున్నం కొట్టిన గోడలా ఉంటే రక్తం పడిపోయింది. పసుపు ఛాయ ఉంటే కణాలు పగులుతున్నట్టో, కాలేయం దెబ్బతిన్నట్టో. అనుమానంగా ఉంటే అదే వెలుగులో ఆరోగ్యంగా ఉన్న ఇంకో పిల్లి పెదవి ఎత్తి పోల్చండి. కొన్నిసార్లు చిగుళ్ల కంటే ముందే కనిపించే గుర్తు ఇంకోటుంది. పిల్లి గోడ నాకడం, సిమెంటు గచ్చు నాకడం, ట్రేలోని ఊక నమలడం మొదలుపెడుతుంది. ఆకలనుకుని తిండి పెంచుతారు. కానీ రక్తం తగ్గిన పిల్లులు చేసే పని అది.

అప్పుడు "ఫెల్వ్ కదా, ఇంతే" అని వదిలేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. రక్తహీనతలో రెండు రకాలు. మూలుగ కొత్త కణాలు తయారుచేయడం మానేసింది ఒకటి, ఫెల్వ్‌లో ఇదే ఎక్కువ, దానికి గట్టి మందు లేదు. రెండోది హీమోప్లాస్మా అనే సూక్ష్మజీవి కణాల్ని పగలగొట్టేది. దీనికి మందు ఉంది. రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్ర కణాల లెక్క) అడగండి. అది పెరిగి ఉంటే మూలుగ ఇంకా పనిచేస్తోందని అర్థం. రక్తపు స్మియర్, వీలైతే పీసీఆర్ చేయించి, డాక్టర్ డాక్సీసైక్లిన్ రాస్తే వారాల తరబడి మానకుండా వేయాలి. మాత్ర వేసిన వెంటనే సిరంజితో 5-6 మి.లీ. నీళ్లు తాగించాలి. పొడి మాత్ర గొంతు గొట్టంలో ఇరుక్కుంటే అక్కడ పుండై గొట్టమే ముడుచుకుపోతుంది. హనుమకొండలో మనుషుల ల్యాబులు గల్లీకొకటి ఉన్నాయి, పిల్లి రక్తం అక్కడ ఇవ్వాలనిపిస్తుంది. పిల్లి ఎర్ర కణాలు చిన్నవి, ప్లేట్‌లెట్లు గుత్తులు కడతాయి, మనుషుల మిషన్ తప్పు లెక్క చెబుతుంది. పశువుల డాక్టర్ దగ్గర సన్న గాజు గొట్టంలో తిప్పి పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల శాతం, చూడటమే నమ్మకం. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, ముందు ఫోన్ చేసి ఏ పరీక్షలు చేస్తారో కనుక్కోండి.

ఈ హీమోప్లాస్మా వ్యాప్తిలో ఫ్లీల (బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగుల) మీదే అనుమానం ఎక్కువ. తడి దూది మీద పిల్లి బొచ్చును దువ్వండి. మిరియాల పొడిలాంటి నలుసులు రాలి ఎర్రగా కరిగితే ఫ్లీలున్నట్టే. పిల్లుల కోసం చేసిన ఫిప్రోనిల్ చుక్కలు వాడొచ్చు. కుక్కల మందు వద్దు, పెర్మెత్రిన్ ఉన్నది వేస్తే పిల్లి వణికి చచ్చిపోతుంది. జ్వరం అనిపించి పారాసెటమాల్ అర ముక్క వేసినా అంతే.

తినడం మానేస్తే రెండు రోజులకు మించి ఆగొద్దు, కాలేయంలో కొవ్వు పట్టి అది వేరే జబ్బవుతుంది. నోట్లో పుండ్లున్నాయేమో చూడండి. ఉంటే తిండి మెత్తగా, గోరువెచ్చగా ఇవ్వండి. డాక్టర్ చర్మం కింద సెలైన్ ఇమ్మంటే రింగర్ లాక్టేట్, 4 కిలోల పిల్లికి 80-100 మి.లీ. దాకా, సీసాను వేడినీళ్లలో ముంచి ఒంటి వేడికి తెచ్చి, భుజాల మధ్య చర్మం గుడారంలా లేపి 20 గేజ్ సూదితో. గ్లూకోజ్ సీసా చర్మం కింద ఎక్కించకండి, అక్కడ కుళ్లుతుంది. చిగుళ్లు తెల్లబడి ఉన్నా, ఆయాసం ఉన్నా అడగకుండా సెలైన్ ఎక్కించొద్దు.

ఆయాసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లి నిద్రలో ఉన్నప్పుడు 30 సెకన్లు పక్కటెముకలు చూసి లెక్కపెట్టి రెట్టింపు చేయండి. 30 దాటితే అనుమానం, 40 దాటితే ఆరోజే ఎక్స్‌రే. చిన్న వయసు ఫెల్వ్ పిల్లుల్లో ఛాతీలో లింఫోమా అనే క్యాన్సర్ గడ్డ వచ్చి చుట్టూ నీరు చేరుతుంది. మోచేతులు బయటికి పెట్టి, మెడ చాచి, నోరు తెరిచి కూర్చుంటుంది. అప్పుడు మాత్రలు కుక్కడం, వెల్లకిలా పడుకోబెట్టడం చేస్తే మీ చేతుల్లోనే పోతుంది. నీరు తీస్తే ఊపిరి తేలికవుతుంది కానీ మళ్లీ చేరుతుంది.

ఆఖరి సంగతి ముందే, పిల్లి బాగున్నప్పుడే మాట్లాడుకుని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకోండి: తనంతట తాను తింటోందా, ఒళ్లు నాక్కుంటోందా, ట్రే దాకా నడుస్తోందా, కిటికీ ఎక్కుతోందా, ఊపిరి తేలిగ్గా ఉందా. ఈ ఐదింట్లో మూడు వరుసగా మూడు రోజులు లేవంటే డాక్టర్‌ను పిలవాలి. పీసీవీ 15 కింద ఉండి, మూలుగ పనిచేయకపోతే రక్తం ఎక్కించి సాధించేది కొన్ని వారాలే. గ్రూపు చూసి, క్రాస్‌మ్యాచ్ చేసి, దాత పిల్లికి కూడా ఫెల్వ్ టెస్ట్ చేసి ఎక్కించాలి. హీమోప్లాస్మా మందు పనిచేసేదాకా నిలబెట్టడానికైతే సరే, లేకపోతే పిల్లికి బాధ పొడిగించడమే అని నా అభిప్రాయం.

యూథనేషియా (బాధ లేకుండా మందుతో ప్రాణం తీయడం) షెల్టర్‌లోనే, దాని గదిలోనే చేయించండి. ముందు మత్తు సూది, పది నిమిషాలు ఆగి ముంగాలి నరంలోకి మత్తుమందు ఎక్కువ మోతాదులో. రక్తం తక్కువున్న పిల్లికి నరం దొరకడం కష్టం, అందుకే డాక్టర్ తీరిగ్గా వచ్చే వేళ అడగండి. మత్తు లేకుండా నేరుగా ఇంకేదో సూది వేస్తామంటే ఒప్పుకోకండి. కళ్లు తెరిచే ఉంటాయి, పోయాక ఒకటి రెండు సార్లు ఊపిరి ఎగబీల్చినట్టు కదులుతుంది, మూత్రం పోతుంది. ముందే తెలియకపోతే చూసేవాళ్లు బతికే ఉందనుకుని బెదిరిపోతారు. కింద పాత టవల్ మడిచి వేయండి.

పూడ్చే గొయ్యి మూడు అడుగులకు తక్కువ కాకుండా తవ్వాలి, బావికి, బోరుకు దూరంగా. నల్లరేగడి ఎండలకు పగులుతుంది, కుక్కలు తోడతాయి, ఆ మందు ఒంట్లో ఉంటుంది కాబట్టి తిన్నవాటికీ ప్రమాదమే. మట్టి పూడ్చాక రాళ్లు పేర్చి, పైన తుమ్మకంప వేయండి.

గదికి ఏడాది తాళం అక్కర్లేదు. పరుపులు సర్ఫ్‌లో ఉతికి ఎండేయండి, నేల కడిగి లీటరు నీళ్లకు 30 మి.లీ. బ్లీచ్ కలిపి తుడవండి. ఆరిన రెండు రోజులకు వాడుకోవచ్చు. నెలల తరబడి బతికేది పాన్‌ల్యుకోపీనియా వైరస్, పేర్లు దగ్గరగా ఉండి జనం కలిపేస్తారు. జత పిల్లి ఉంటే పూడ్చేముందు పది నిమిషాలు వాసన చూడనివ్వండి. కొన్ని రెండు మూడు రోజులు తలుపు దగ్గర అరుస్తాయి, సగమే తింటాయి. దాన్ని మాత్రం ఆ వారం రోజూ తూచండి.